మెట్టుబండ మీది చెయ్యి

నా చిన్నప్పుడు ఒక శనివారం మిట్టమధ్యాహ్నం, సగం ఊరు చూస్తుండగా, మా పెద్దనాయన బడి ముందున్న మెట్టుబండ మీద చెంబెడు నీళ్లు పోశాడు. బండ మీద అప్పటిదాకా తెల్లటి గీతగా కనిపిస్తున్న చిన్న చెయ్యి, అయిదు వేళ్లూ విప్పిన ఒక పసిపిల్ల ఎడమ చెయ్యి, నీళ్లు పారిన చోటల్లా చెరిగిపోతూ వచ్చి పూర్తిగా మాయమైంది. మా పెద్దనాయన చెంబు పక్కన పెట్టి, బండకు మూరెడు దూరంలో నేల మీద చతికిలబడ్డాడు.

"ఎవురూ యాడికీ పోవద్దు. అది యాడ నుంచి వస్తాదో ఈపొద్దు అందరం కూసోని చూద్దాం" అన్నాడు.

ఎవరూ కూర్చోలేదు. పోనూ లేదు. ఎండ నడినెత్తిన ఉంది. బండ అంచుల నుంచి తడి లోపలికి జరుగుతోంది. కాసేపటికి ఆరిన చోట ఒక సన్నని గీత తేలింది. అది బొటనవేలు. తరవాత మణికట్టు వంపు. ఆ తరవాత చిటికెనవేలు. ఎవరో పిల్లవాడు కెవ్వుమని వాళ్లమ్మ కొంగులో దూరాడు. పెద్దవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. నిజానికి అప్పటిదాకా ఆ చెయ్యి రావడం ఎవరూ చూడలేదు. వచ్చాక చూసినవాళ్లే అందరూ.

గుంపు ముందు మా ఎదురింటి చిన్నమ్మ ఒక్కతే నిలబడి ఉంది. రెండేళ్ల కిందట చచ్చిపోయిన తన కూతుర్ని, ఆ బండ ముందు నిలబడి, ఇంక ఇక్కడికి రావద్దు పొమ్మని ఆమె నోటితో ఆమే చెప్పాలి. అందుకే ఆ మధ్యాహ్నం అందరం అక్కడ చేరాం. మా పెద్దనాయన నీళ్లు పోసింది సరిగ్గా ఆమె నోరు తెరవబోయే ముందు.

ఇది ఎందుకు జరిగిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మాది మార్కాపురానికి నాలుగైదు మైళ్ల దూరంలో ఉన్న ఊరు. ఊరవతల పలకరాయి గనులు. భూమి ఉన్నవాళ్లు వాన కురిస్తే సేద్యం, కురవకపోతే గని. భూమి లేని మాలాంటివాళ్లకు వాన కురిసినా కురవకపోయినా గనే. మగవాళ్లు గుంతల్లోంచి బండలు తీసేవాళ్లు. రేకుల షెడ్డులో కొందరు ఉలితో వాటిని పొరలు పొరలుగా చీల్చేవాళ్లు, ఆడవాళ్లు ఆ పలకలను రుద్ది చెక్క చట్రాలు బిగించేవాళ్లు. మా పెద్దనాయన చీల్చే పనిలో పేరున్న మనిషి. రాయి పక్కన ఉలి పెట్టి, సుత్తితో రెండుసార్లు మెల్లగా తట్టి చెవి పెట్టి వినేవాడు. చీలే రాయి ఒక రకంగా మోగుతుందట, మొండి రాయి ఇంకో రకంగా మోగుతుందట. మాకు రెండూ ఒకటే మోతగా వినిపించేవి.

ఎదురింటి చిన్నమ్మ ఆ షెడ్డులోనే చట్రాలు బిగించేది. ఆమె మాకు చుట్టమేమీ కాదు. ఊరి చివరనున్న మా పల్లెలో అందరూ అందరికీ ఏదో ఒక వరస. ఆమె భర్త దోర్నాల వైపు రోడ్డు పనులకు పోయి నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చేవాడు. వాళ్లకు ఒక్కతే కూతురు. నా ఈడుదే. ఇద్దరం ఒకే బల్ల మీద కాదు, అప్పట్లో మాకు బల్లలు లేవు, ఒకే గోనెపట్టా మీద కూర్చునేవాళ్లం. మాకు ఏడేళ్లప్పుడు వానలు మొదలయ్యాక ఆ పిల్లకు జ్వరం వచ్చింది. మార్కాపురం ఆసుపత్రికి ఎద్దులబండిలో తీసుకుపోయారు. తిరిగి అదే బండిలో తెచ్చారు. నన్ను చూడనివ్వలేదు.

ఆ తరవాత నేను ఆ ఇంటికి పోవడం మానేశాను. మానేశాననడం కంటే మానిపించారనడం సరైన మాట. నన్ను చూసినప్పుడల్లా చిన్నమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటోందని మా అమ్మ వద్దంది. ఎదురెదురు గుమ్మాలు. నేను బయటికి వచ్చేటప్పుడు తల వంచుకుని వచ్చేదాన్ని. ఆమె కూడా అటు తిరిగి ఏదో పని చేసుకునేది. నాకు తొమ్మిదేళ్లు వచ్చేదాకా అలాగే గడిచింది.

నేను మూడో తరగతిలో ఉండగా మా బడికి కొత్త గది కట్టారు. గోడలు రాతివి, పైన రేకులు. షెడ్డు యజమాని గుమ్మం ముందు వేసుకోమని ఒక పెద్ద పలకబండ ఇచ్చాడు. చీలని బండ కాబట్టి ఆయనకు నష్టమేమీ లేదు. గిద్దలూరు నుంచి వచ్చే మా పంతులు శుభ్రత మనిషి. కొత్త గదిలోకి మట్టికాళ్లతో రావద్దన్నాడు. రోజుకు ఇద్దరు పిల్లల చొప్పున వంతు వేసి, పొద్దున్నే బడి తెరవకముందే ఆ మెట్టుబండను కొబ్బరిపీచుతో రుద్ది కడగాలని పెట్టాడు. మొదటి పదిరోజులూ బండ మీద మట్టి, షెడ్డులో పేరుకున్న రాతిపొడి వదలడానికే సరిపోయింది. ఆ తరవాత ఒకరోజు మధ్యాహ్నం అన్నానికి గంట కొట్టగానే ముందు పరిగెత్తిన పిల్లవాడు బండ మీద కాలు పెట్టబోయి ఆగిపోయాడు. వెనక వచ్చినవాళ్లం వాడి మీద పడ్డాం.

నల్లటి బండ మధ్యలో చెయ్యి. మా చేతుల కంటే చిన్నది.

ఎవరో గీశారని పంతులు కోప్పడ్డాడు. ఎవరూ ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున కడగడానికి పోయిన ఇద్దరూ నీళ్లు పోసి చూస్తే చెయ్యి లేదు. పోయిందిలే అనుకున్నారు. మధ్యాహ్నం గంట కొట్టేసరికి మళ్లీ అక్కడే ఉంది. సాయంత్రానికి పిల్లల కాళ్ల మట్టి కింద మసకబారింది. మూడోరోజూ అంతే. మేము గదిలోనే ఉన్నాం, గుమ్మంలోంచి ఎవరూ వచ్చి గీసింది లేదు. మిట్టమధ్యాహ్నం తిరిగేది ఎవరో మా పల్లెలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు.

చచ్చిపోయిన ఆ పిల్ల పేరు మొదట ఎవరన్నారో నాకు గుర్తు లేదు. రెండురోజుల్లో అందరి నోటా అదే మాట. చదువంటే ప్రాణంగా ఉండేది, మధ్యలోనే పోయింది, కొత్త బడి కట్టారని వచ్చింది, లోపలికి రావడానికి లేక గుమ్మం దగ్గర చెయ్యి పెట్టి నిలబడుతోంది. నాకు ఆ మాట ఎంత భయం వేసిందంటే, మా గోనెపట్టా మీద పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు కూడా చూడలేకపోయాను.

ఇక ఊరు ఊరుకోలేదు. మా పల్లె పెద్దలు చర్చి అయ్యగారిని పిలిచి ప్రార్థన పెట్టించారు. ప్రార్థనకు ముందు బండ శుభ్రంగా ఉండాలని నాలుగు బకెట్లు పోసి కడిగించారు. అయ్యగారు ఆమెన్ అనేసరికి బండ నున్నగా నల్లగా మెరుస్తోంది, చెయ్యి లేదు. అందరూ స్తోత్రం చెప్పి ఇళ్లకు పోయారు. మధ్యాహ్నానికి వచ్చేసింది. ఊళ్లోని రెడ్ల ఇళ్ల వాళ్లు, వాళ్ల పిల్లలూ అదే బడి కాబట్టి, పసుపునీళ్లు పోయించారు. పోయింది. వచ్చింది. ఎవరో ఉప్పునీళ్లన్నారు. ఇంకెవరో వేపాకు నానేసిన నీళ్లన్నారు. ఎవరి నీళ్లు వాళ్లు పోశారు. పోసిన ప్రతివాళ్లకూ ఒక గంటసేపు నమ్మకం కలిగింది. కడిగినకొద్దీ బండ మీద మిగిలిన మురికి పోయి గీత ఇంకా తేటగా కనిపించసాగింది. అది ఆ పిల్ల కోపమని అర్థం చేసుకున్నారు.

పిల్లలను బడి మాన్పించడం మొదలైంది. ముప్పైమందికి పైగా ఉండేవాళ్లం పన్నెండుమందికి వచ్చాం. నన్ను మా నాయన మాన్పించలేదు గానీ, గుమ్మంలోంచి కాకుండా కిటికీలోంచి దూకి పొమ్మన్నాడు. అలా చాలామందిమి కిటికీలోంచే దూకేవాళ్లం. పంతులు కూడా ఒకసారి కిటికీ వైపు చూసి ఆలోచించినట్టు మాకు అనిపించింది.

భయపడనిది ఒక్క చిన్నమ్మ. ఆమె చెవిన పడిన రోజు నుంచీ మధ్యాహ్నం షెడ్డులో అన్నం విడుపు ఇవ్వగానే బడి దగ్గరికి వచ్చేది. గుమ్మానికి ఎదురుగా గోడనీడలో కూర్చుని బండ వైపు చూసేది. తెచ్చుకున్న జొన్నరొట్టెలోంచి ఒక ముక్క తుంచి బండ అంచున పెట్టేది. ఒకరోజు అందరూ అన్నానికి పోయాక నేను కిటికీలోంచి చూశాను. ఆమె వంగి, తన అరచెయ్యిని ఆ గీతల మీద మెల్లగా ఆనించింది. పిల్లల నుదురు పట్టుకుని జ్వరం చూస్తారే, అలాగ. ఆమె ముఖంలో ఉన్నది దుఃఖం కాదు. రెండేళ్లలో నేను ఆమెను అలా చూడలేదు. నాకు అప్పుడు అర్థం కాలేదు గానీ అది సంతోషం.

ఆ సంతోషమే ఊరికి కంటగింపైంది. తల్లి పిలుస్తోంది కాబట్టే బిడ్డ వస్తోందన్నారు. మా వీధిలో ఒక ముసలి అవ్వ ఉండేది. ఎవరింట్లో ఏం జరిగినా తీర్పు ఆమెదే. ఆమె చిన్నమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని అన్న మాటలు మా గుమ్మంలోకి వినిపించాయి.

"మేము ఎన్ని నీళ్లు పోసినా పరాయోళ్లమేనే. మా మాట వినదు. కన్నతల్లి నోటితో పొమ్మంటేనే పోతాది. శనివారం మధ్యాన్నం అందరి ముందర చెప్పెయ్. ఆ తరవాత ఆ బండను పాత గుంతలో పడేస్తారు. పిల్లోళ్లు బడికి పోవాల్నా వద్దా?"

చిన్నమ్మ ఒకే మాట అడిగింది.

"శనివారమే చెప్పాల్నా అవ్వా?"

ఇంకో నాలుగురోజులు ఇవ్వండని అడిగినట్టుంది ఆ మాట. అవ్వ లేచిపోతూ, నేనేమన్నా నీకు పగదాన్నా అని గొణుక్కుంది.

ఇదంతా జరిగిన రోజుల్లో మా పెద్దనాయన ఊళ్లో లేడు. గిద్దలూరులో పెద్ద కూతురి కాన్పుకు పోయి, శుక్రవారం సాయంత్రం రైలు దిగి నడిచి వచ్చాడు. సంగటి తింటుండగా మా అమ్మ అంతా చెప్పింది. ఆయన నడుమ నడుమ ఒకటీ అరా అడిగాడు. కడిగినాక ఎంతసేపటికి వస్తాది? వాన పడిన రోజు వచ్చిందా? ఏ చెయ్యి? మా నాయన విసుక్కుని, "దయ్యాన్ని కుడా ఎడమా అని అడుగుతాండావేందన్నా" అన్నాడు. మా పెద్దనాయన చెయ్యి కడుక్కుని పడుకున్నాడు. తెల్లారి అందరికంటే ముందు బడి దగ్గరికి పోయి, తడిబండ మీద వేళ్లకొసలు ఆనించి నిలువుగా, అడ్డంగా రాసి చూశాడట. ఆరోజు వంతుకు వచ్చిన పిల్లలు చెప్పారు. ఎవరితోనూ ఏమీ అనలేదు. అనివుంటే అవ్వతో వాదన, పెద్దలతో వాదన. తాను మాత్రమే చూసిన దాన్ని నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? అందరూ ఒకచోట చేరే వేళ కోసం ఆగాడని ఇప్పుడు అనుకుంటాను.

మళ్లీ ఆ మధ్యాహ్నానికి వస్తాను.

చెయ్యి పూర్తిగా తేలాక మా పెద్దనాయన రెండోసారి నీళ్లు పోశాడు. మళ్లీ మాయమైంది. మళ్లీ బొటనవేలే ముందు వచ్చింది, ఆ పక్క బండ కొంచెం ఎత్తుగా ఉంది కాబట్టి ముందు ఆరుతోంది. ఈసారి ఎవరూ అరవలేదు. మూడోసారి పోసేసరికి పిల్లలు దగ్గరికి జరిగి, ఇప్పుడు చిటికెనవేలు, ఇప్పుడు చూపుడువేలు అని ముందుగానే చెప్పడం మొదలుపెట్టారు. ఒకడు తప్పు చెప్పాడని ఇంకొకడు వాణ్ణి మొట్టాడు.

ఆయన నన్ను పిలిచి నా పలక తెమ్మన్నాడు. పొద్దున చేసిన కూడికలు దాని మీద ఉన్నాయి. తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి పైకెత్తి అందరికీ చూపించాడు. నల్లగా, ఖాళీగా ఉంది. దాన్ని ఎండకు పట్టుకున్నాడు. మేమందరం చూస్తుండగానే నా కూడికలు, అందులో తప్పుతో సహా, మసకగా పైకి తేలాయి.

"దీనికి ఎవురన్నా భయపడినారా ఎప్పుడన్నా?" అని అడిగాడు. "తడి మీద గీత కనపడదు, ఆరితే కనపడతాది. రోజూ చేతిలో చూసేదే. దీని మీదనే బతుకుతాండాం, దీన్ని చూసే పారిపోయినాం. ఎవురో మేకుతో గీసినారు ఈ బండ మీద. మీరు కడిగినప్పుడల్లా దాక్కుంటాంది, అంతే."

పంతులు తల దించుకున్నాడు. పలకలు అందరికంటే ఎక్కువగా చూసేది ఆయనే మరి. అవ్వ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

"అంటే దయ్యం లేదంటావా?"

"ఉంటే నీళ్లకు భయపడే దయ్యమవ్వా. మా తమ్ముడి లాంటిది."

మా నాయనకు స్నానమంటే ఎంత బద్ధకమో ఊరందరికీ తెలుసు. ఒక్కసారిగా నవ్వులు లేచాయి. మా నాయన కూడా నవ్వాడు. పదిహేను రోజుల భయం అలా నవ్వుగా బయటికి పోయింది. తల్లులు పిల్లలను వదిలిపెట్టారు. ఒకడు బండ మీదికి ఎగిరి దూకబోయాడు.

అప్పుడు నేను చిన్నమ్మను చూశాను. ఆమె నవ్వలేదు. ఆమె ముఖం, రెండేళ్ల కిందట బండి తిరిగివచ్చిన రోజున మా అమ్మ కొంగు చాటు నుంచి నేను చూసిన ముఖంలాగే ఉంది. మాకందరికీ దయ్యం పోయింది. ఆమెకు మాత్రం పదిహేను రోజులుగా వస్తున్న మనిషి పోయింది. ఆమె మెల్లగా అడిగింది.

"అయితే ఇది ఎవురి చెయ్యి బావా?"

నవ్వులు ఆగిపోయాయి.

మా పెద్దనాయన బండ అంచు తడిమాడు. "ఈ రాయి నాకు తెలుసమ్మా. ఇట్లాంటివి రెండు చీలకుండా మొండికేస్తే నేనే పక్కన పడేసినా. షెడ్డు నీడలో చాన్నాళ్లు ఉండె. పిల్లోళ్లు వాటి మీద కూసోని ఆడుకునేటోళ్లు" అన్నాడు. అని, నా వైపు చూశాడు.

ఆ చూపుతో నాకంతా గుర్తొచ్చింది. మాకు ఏడేళ్లప్పటి ఎండాకాలం. సెలవులు. వాళ్లమ్మ చట్రాలు బిగిస్తుంటే మేమిద్దరం షెడ్డు నీడలో ఆ రెండు బండల మీద చెరొక దాని మీద ఇల్లు కట్టుకుని ఆడుకునేవాళ్లం. కింద పడిన చట్రపు మేకు ఒకటి ఏరి, ఒకరం ఎడమ చెయ్యి బండ మీద పెడితే ఇంకొకరం వేళ్ల చుట్టూ గీశాం. ఒక బండ మీద నా చెయ్యి, ఇంకో బండ మీద ఆ పిల్ల చెయ్యి. ఇది నా ఇల్లు, ఇది నీ ఇల్లు అనడానికి గుర్తులు. వేళ్ల మధ్య మేకు కదిలితే చక్కిలిగింతలు పెట్టేది. చెయ్యి కదిపితే మళ్లీ మొదటినుంచీ గీయాలి. ఇంత జరిగిన విషయం, నా పక్కన కూర్చున్న మనిషి పోవడంతో, నేను ఎవరితోనూ తలచుకోక మరిచిపోయాను.

నాకు తొమ్మిదేళ్లే గానీ, చిన్నమ్మ ఏ మాట కోసం చూస్తోందో తెలిసింది. ఇది దానిదే చిన్నమ్మా అంటే చాలు. అనడానికి నోరు కూడా తెరిచాను. మా పెద్దనాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. రాతిపొడితో గరుకుగా ఉండేది ఆయన చెయ్యి.

"తెలిసింది తెలిసినట్ల చెప్పు పాపా. ఒకటి కలపొద్దు. ఒకటి దాయొద్దు" అన్నాడు.

నేను చెప్పాను. రెండు బండలని, రెండు చేతులని, ఒకటి నాది ఒకటి దానిదని, ఈ బండ ఏదో నాకు తెలియదని. చెబుతూ ఏడ్చాను. రెండేళ్ల తరవాత నేను ఆమెతో మాట్లాడిన మొదటి మాటలు అవి.

ఆమె నా చెయ్యి పట్టుకుని బండ దగ్గర కూర్చోబెట్టింది. "పెట్టు" అంది. నా ఎడమ చెయ్యి గీతల మీద పెట్టాను. సరిపోలేదు. నా వేళ్లు గీత దాటి గోరంత బయటికి వచ్చాయి. ఏడేళ్లప్పుడు మా ఇద్దరి చేతులూ ఒకే కొలత. నా చెయ్యి పెరిగింది.

"ఎంత పెరిగినావే" అంది చిన్నమ్మ. నా వేళ్లను ఒక్కొక్కటిగా తడిమింది. ఆమె కూతురి చేతికి ఇప్పుడు ఎంత పొడుగు ఉండేదో లెక్క చూసుకుంటోందని నాకు అనిపించింది. అందరూ అలాగే నిలబడి ఉన్నారు. నేను అబద్ధం చెప్పివుంటే బాగుండేదని మనసులో మా పెద్దనాయన మీద కోపం వచ్చింది.

ఆమె అడిగింది.

"నీ చెయ్యి గీసిందెవురు?"

"అదే."

"దాని చెయ్యి?"

"నేను గీసినా చిన్నమ్మా."

ఆమె నాతో కాదు, ఎవరితోనూ కాదు, తనతో తాను అన్నట్టుగా అంది. "చెయ్యి దానిదైతే, చెయ్యి దానిది. చెయ్యి నీదైతే, గీత దానిది. ఎట్లయినా నా బిడ్డ ఉంది ఈడ."

ఎవరూ దాన్ని కాదనలేకపోయారు. కాదనడానికి అందులో ఏమీ లేదు. అది దయ్యం మాట కాదు, ఓదార్పు మాట కూడా కాదు. జరిగిన సంగతిని పూర్తిగా విన్న మనిషి అందులోంచి తనకు దక్కేది తాను తీసుకుంది. నేను చెప్పబోయిన అబద్ధంలో అంత చోటు ఉండేది కాదు. దానిదే అని ఉంటే, ఎప్పుడో ఒకరోజు రెండో బండ సంగతి ఆమెకు తెలిసేది. అప్పుడు ఆమె చేతిలో ఏమీ మిగిలేది కాదు.

ఆమె లేచి కొంగు దులుపుకుని అవ్వ వైపు తిరిగింది. "ఇంక నేను ఎవుర్నీ పొమ్మననవ్వా" అంది. అవ్వ తన బిరుసు గొంతుతోనే, "పొమ్మనమని ఎవురన్నారే? పోయి అన్నం తిను, ముఖం చూడు ఎట్లుందో" అంది. ఆ పదిహేను రోజుల్లో ఆమె చెప్పిన తీర్పులన్నీ ఆ ఒక్క మాటతో ఎత్తేసినట్టే. బండను గుంతలో పడేసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సోమవారం పిల్లలందరూ గుమ్మంలోంచే వచ్చారు. కిటికీ అలవాటైన ఇద్దరు ముగ్గురు మాత్రం ఇంకొన్నాళ్లు దూకుతూనే ఉన్నారు, అందులో సరదా ఉంది కాబట్టి.

వంతులు ఆగిపోయాయి. ఎవరూ చెప్పకుండానే చిన్నమ్మ పొద్దున్నే షెడ్డుకు పోయే ముందు వచ్చి బండ కడిగేది. పీచుతో రుద్దేది కాదు, చేత్తోనే. నేను నీళ్లు తోడి ఇచ్చేదాన్ని. మొదట్లో ఇద్దరం ఏమీ మాట్లాడుకునేవాళ్లం కాదు. తరవాత తరవాత ఆమె అడిగేది, నేను చెప్పేదాన్ని. దాని ఇంట్లో ఏమేం వండేది, నా ఇంటికి ఎన్నిసార్లు వచ్చేది, ఏం కబుర్లు చెప్పేది. ఆటలో కట్టుకున్న ఇళ్ల సంగతులే. గుర్తున్నవి గుర్తున్నట్టు, లేనివి లేవని చెప్పేదాన్ని. గుర్తు లేదంటే ఆమెకు కోపం వచ్చేది కాదు. గుర్తున్నవాటి మీద నమ్మకం పెరిగేది.

పెద్దయ్యాక నేను మార్కాపురంలో ఒక దినపత్రికకు వార్తలు రాసే పనిలో చేరాను. చాలా ఏళ్లు చేశాను. బావిలో పడిన పిల్లల గురించి, లారీ కింద పడిన మనుషుల గురించి రాయాల్సి వచ్చేది. ఆ ఇళ్ల ముందు నిలబడినప్పుడు ఒక తల్లో, ఒక తండ్రో, చివరి నిమిషంలో ఏమన్నాడమ్మా, బాధపడ్డాడా అని నన్నే అడిగేవాళ్లు. ఓదార్చడానికి ఒక మాట కలపాలని ప్రతిసారీ అనిపించేది. వాళ్లు తట్టుకోలేరని ఒక మాట దాచాలనీ అనిపించేది. అలాంటప్పుడు నా భుజం మీద ఆ గరుకు చెయ్యి బరువు తెలిసేది. తెలిసినంత చెప్పి, తెలియనిది తెలియదని చెప్పి, వాళ్లు లేచేదాకా పక్కన కూర్చునేదాన్ని. నేను పనిలో నేర్చుకున్నవి చాలా ఉన్నాయి గానీ, ఇది మాత్రం పనిలోకి రాకముందే వచ్చింది.

మా పెద్దనాయన పోయి చాలాకాలమైంది. చిన్నమ్మ మొన్నమొన్నటిదాకా ఉంది. బడి గదిని పడగొట్టి మిద్దె కట్టినప్పుడు ఆ మెట్టుబండను ఆమే అడిగి తెచ్చుకుని తన గుమ్మం ముందు వేయించుకుంది. ఏళ్ల తరబడి కాళ్ల కింద అరిగి, ఇప్పుడు దాని మీద మణికట్టు వంపు ఒక్కటే మిగిలింది, అదీ ఏటవాలు ఎండలో చూస్తేనే. రెండో బండ ఏమైందో కనుక్కోవాలని నేను షెడ్డులో పనిచేసినవాళ్లను చాలామందినే అడిగాను. నంద్యాలకు పోయే లారీలో వేశారని ఒకరన్నారు, పగలగొట్టి గోడలో పెట్టారని ఇంకొకరన్నారు. చూసినవాళ్లెవరూ దొరకలేదు. చిన్నమ్మ గుమ్మం ముందున్న చెయ్యి ఆ పిల్లదో, నాదో నాకు తెలియదు.